ఆ పని టైమర్‌కి అప్పజెప్పండి

చిప్ వేగం 16 మెగాహెర్ట్జ్. అంటే సెకనుకు కోటీ అరవై లక్షల టిక్కులు. అందులోంచి ఒక్క మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ తీయడం ఎంతసేపు? ఆ ధీమాతోనే ఆర్డుయినో ఊనో ముందు కూర్చుంటారు చాలామంది. పిన్‌ను హై చేస్తారు, లో చేస్తారు, మధ్యలో డిలే అన్నదే పెట్టరు. లూప్‌లో పడేసి సీఆర్‌ఓ (ఆసిలోస్కోప్) వైపు చూస్తే 100, 150 కిలోహెర్ట్జ్ మధ్య ఏదో ఒక అంకె కనిపిస్తుంది. పైగా ఆ వేవ్ తెర మీద ఒక్కచోట నిలబడదు, మధ్యమధ్యలో అదురుతుంది.

బోర్డు నకిలీదా? జంపర్ వైరు లూజుగా ఉందా? హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న క్లోన్ కాబట్టి ఇలా ఏడుస్తోందా? ఏదీ కాదు. అదే కోడ్‌ను అసలు సిసలు బోర్డులో వేసినా వచ్చేది అదే.

ఇంజినీరింగ్‌లో 8051 మైక్రోకంట్రోలర్ ల్యాబ్ చేసినవాళ్లకు ఇందులోని లెక్క తెలిసిందే. పరీక్ష అయ్యాక మరిచిపోయి ఉంటారు, అంతే. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే ఒక మెషీన్ సైకిల్‌కు 12 క్లాకులు, అంటే సరిగ్గా ఒక మైక్రోసెకను. పోర్టు బిట్‌ను తిరగేసే ఇన్‌స్ట్రక్షన్‌కు ఒక సైకిల్ పడుతుంది. మళ్లీ మొదటికి దూకే షార్ట్ జంప్‌కు రెండు. మూడు మైక్రోసెకన్లకోసారి పిన్ మారుతుంది కాబట్టి పూర్తి వేవ్‌కు ఆరు. చేతికొచ్చేది 166.67 కిలోహెర్ట్జ్. ల్యాబ్‌లలో ఎక్కువగా కనిపించే 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ అయితే 153.6. ఇంతకన్నా పొట్టి ప్రోగ్రాం అసెంబ్లీలో కూడా లేదు. రెండే లైన్లు.

కానీ ఆ ల్యాబ్ కిట్ మీద ఉన్నది ఏటీ89ఎస్52 చిప్ అయితే, అదే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో అది 3 మెగాహెర్ట్జ్ ఇస్తుంది. టైమర్ 2కి క్లాక్ అవుట్ అనే సదుపాయం ఒకటి ఉంది. టీ2మోడ్ రిజిస్టర్‌లో టీ2ఓఈ బిట్ పెట్టి టైమర్‌ను నడిపిస్తే పీ1.0 పిన్ మీద 50 శాతం డ్యూటీ సైకిల్‌తో (సగం సేపు హై, సగం సేపు లో) వేవ్ దానంతట అదే వస్తూ ఉంటుంది. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో 61 హెర్ట్జ్ నుంచి 4 మెగాహెర్ట్జ్ దాకా వస్తుందని డేటాషీట్‌లోనే రాశారు. ఈలోగా ప్రాసెసర్ ఎల్‌సీడీ మీద మీ పేరు రాస్తూ ఉండొచ్చు. వైవాలో అడగరు కాబట్టి ఎవరూ ఆ పేజీ తిప్పరు.

చిప్ ఒకటే, క్రిస్టల్ ఒకటే. 166 కిలోహెర్ట్జ్ ఎక్కడ, 3 మెగాహెర్ట్జ్ ఎక్కడ! మొదటిదాంట్లో ప్రాసెసర్ స్వయంగా పిన్‌ను ఆడించింది. రెండోదాంట్లో ఆ పని టైమర్ చేసింది. ఇంటి యజమాని రోజంతా గోడ గడియారం ముందు నిలబడి, తనే ముల్లు జరుపుతూ ఉంటే ఇంకే పని చేయగలడు? ప్రాసెసర్ లూప్‌లో చేస్తున్నది అదే.

1. ముందు కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి

ఎంత ఫ్రీక్వెన్సీ కావాలి? అందులో ఎంత తేడా వచ్చినా పర్వాలేదు? ఆ వేవ్ ఎవరికి ఇస్తున్నారు? ఈ మూడూ రాయకుండా కోడ్ మొదలుపెట్టడం వల్లే చాలా మినీ ప్రాజెక్టులు సగంలో ఆగిపోతాయి.

ఒకరు టీవీ రిమోట్ లాంటిది చేస్తున్నారనుకుందాం. టీఎస్‌ఓపీ1738 రిసీవర్‌కు 38 కిలోహెర్ట్జ్ కావాలి. ఊనోలో సరిగ్గా 38 రాదు. పక్కపక్కన దొరికేవి 37.915, 38.095. కంగారు పడాల్సిందేమీ లేదు. ఆ రిసీవర్ లోపలి ఫిల్టర్ అటూ ఇటూ కొన్ని కిలోహెర్ట్జ్ దాకా ఒప్పుకుంటుంది. 85 హెర్ట్జ్ తేడాను అది అసలు పట్టించుకోదు.

ఇంకొకరికి అల్ట్రాసోనిక్ సెన్సర్ కోసం 40 కిలోహెర్ట్జ్ కావాలి. అది ఊనోలో చుక్క తేడా లేకుండా వస్తుంది. మరొకరికి వేరే ఐసీకి క్లాక్‌గా 1 మెగాహెర్ట్జ్ కావాలి. ఇంకెవరికో మోస్‌ఫెట్‌ను తిప్పాలి. నలుగురూ అడుగుతున్నది స్క్వేర్ వేవే అయినా నలుగురి దారులూ వేరు.

అనలాగ్‌రైట్ ఉంది కదా, దాంతో రాదా? రాదు. ఊనోలో అది చాలా పిన్‌ల మీద 490 హెర్ట్జ్, 5, 6 పిన్‌ల మీద 980 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. టోన్ ఫంక్షన్ కొంత నయం. దానికిచ్చే ఫ్రీక్వెన్సీ 16 బిట్ల సంఖ్య కాబట్టి 65,535 హెర్ట్జ్ దాకా అడగొచ్చు. కానీ ఆ టోన్ లోపల ప్రతి మార్పుకూ ఒక ఇంటరప్ట్ వస్తుంది. 40 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 80 వేల ఇంటరప్ట్‌లు! బజర్ మోగించడానికి అయితే సరే.

2. లూప్ మీద ఆశ పెట్టుకోకండి

పిన్‌ను హై, లో చేసే డిజిటల్‌రైట్ ఎందుకంత నెమ్మది? చూడ్డానికి ఒక్క లైనే. లోపల మాత్రం ఆ పిన్ నంబరు ఏ పోర్టుకు చెందిందో పట్టికలో వెతుకుతుంది. ఆ పిన్ మీద అనలాగ్‌రైట్ పెట్టిన పీడబ్ల్యూఎం నడుస్తోందేమో చూసి ఆపుతుంది. ఇంటరప్ట్‌లను కాసేపు నిలిపి, అప్పుడు బిట్ మారుస్తుంది. ఒక్కోసారికి కొన్ని మైక్రోసెకన్లు ఖర్చు. ఎల్‌ఈడీ వెలిగించేవాళ్లకు అది తెలియను కూడా తెలియదు.

దీన్ని తెలుసుకున్నవాళ్లు తర్వాత చేసే పని, పోర్టు రిజిస్టర్‌లోకి నేరుగా రాయడం. వేగం అమాంతం పెరుగుతుంది. బిట్ పెట్టడానికి రెండు క్లాకులు, తీయడానికి రెండు, వెనక్కి దూకడానికి రెండు. మొత్తం ఆరు. 16ను ఆరుతో భాగిస్తే 2.67 మెగాహెర్ట్జ్. సంబరపడే ముందు వేవ్ ఆకారం చూడండి. పిన్ హైలో ఉండేది రెండు క్లాకులే. లోలో ఉన్నప్పుడు జంప్ కూడా కలుస్తుంది కాబట్టి నాలుగు. డ్యూటీ సైకిల్ 33 శాతం. సగం సగం కావాలని ఖాళీ ఇన్‌స్ట్రక్షన్లు రెండు ఇరికిస్తే హై నాలుగు, లో నాలుగు అవుతుంది. ఫ్రీక్వెన్సీ 2 మెగాహెర్ట్జ్‌కు దిగుతుంది.

ఇక ఆ అదురు సంగతి. ఊనోలో మిల్లీస్ అనే సమయం లెక్క నడవడానికి టైమర్ 0 ప్రతి 1.024 మిల్లీసెకన్లకూ ఒక ఇంటరప్ట్ ఇస్తుంది. ప్రాసెసర్ చేస్తున్న పని వదిలి అటు వెళ్లి, లెక్క రాసుకుని తిరిగొస్తుంది. ఆ కొద్ది మైక్రోసెకన్లూ మీ పిన్ ఎక్కడున్నది అక్కడే ఉండిపోతుంది. సెకనుకు దాదాపు వెయ్యిసార్లు ఇలా జరుగుతుంది. ఇంటరప్ట్‌లన్నీ ఆపేస్తే పోదా? పోతుంది. దాంతోపాటే మిల్లీస్, డిలే, సీరియల్ మానిటర్ కూడా పోతాయి.

3. టైమర్ 1ను పనిలో పెట్టండి

ఊనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో మూడు టైమర్లున్నాయి. 0, 2 ఎనిమిది బిట్లవి. 1 పదహారు బిట్లది. టైమర్ 0 జోలికి పోవద్దు, మిల్లీస్ దాని మీదే నడుస్తోంది. టైమర్ 1ను తీసుకోండి. దాని అవుట్‌పుట్ బోర్డు మీద 9వ పిన్‌కు వస్తుంది. నచ్చిన పిన్‌కు మార్చుకోవడం కుదరదు. సర్క్యూట్ గీసేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి.

టైమర్ చేసేది ఇంతే: సున్నా నుంచి లెక్కపెడుతుంది, మీరు ఓసీఆర్1ఏ రిజిస్టర్‌లో రాసిన అంకె రాగానే పిన్‌ను తిరగేస్తుంది, మళ్లీ సున్నాకు వెళ్తుంది. దీన్ని సీటీసీ మోడ్ అంటారు. రెండుసార్లు తిరగేస్తే ఒక వేవ్ కాబట్టి లెక్క సులువు. 16 మెగాహెర్ట్జ్‌ను ముందు రెండుతో భాగించండి, ఎనిమిది. దాన్ని ఓసీఆర్1ఏలోని అంకెకు ఒకటి కలిపి, ఆ వచ్చినదానితో భాగించండి. 7 రాస్తే ఎనిమిదిని ఎనిమిదితో భాగించినట్టు: 1 మెగాహెర్ట్జ్. 199 రాస్తే 40 కిలోహెర్ట్జ్. 0 రాస్తే 8 మెగాహెర్ట్జ్. సగం సగం డ్యూటీ సైకిల్ దానంతట అదే వస్తుంది, మీరు సర్దాల్సిన పని లేదు.

రాయాల్సిన లైన్లు నాలుగు. 9వ పిన్‌ను పిన్‌మోడ్‌తో అవుట్‌పుట్ చేయాలి. టీసీసీఆర్1ఏలో కామ్1ఏ0 బిట్ ఒక్కటే ఉండాలి. తిరగేయమని చెప్పేది అదే. టీసీసీఆర్1బీలో డబ్ల్యూజీఎం12, సీఎస్10 అనే రెండు బిట్లు ఉండాలి. మొదటిది సీటీసీ మోడ్‌కు, రెండోది ప్రీస్కేలర్ (క్లాక్‌ను ముందే భాగించేది) లేకుండా నేరుగా క్లాక్ తీసుకోవడానికి. చివరగా ఓసీఆర్1ఏలో అంకె. ఇవన్నీ సెటప్‌లోనే. లూప్‌ను ఖాళీగా వదిలేసినా వేవ్ నడుస్తూనే ఉంటుంది. మీరు అందులో సెన్సర్ చదివినా, సీరియల్‌కు అక్షరాలు పంపినా సీఆర్‌ఓ మీద గీత కదలదు.

ఇంత తేలికైతే మరి పిన్ చచ్చినట్టు పడి ఉంటుందేం? కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే.

పిన్‌మోడ్ మరిచిపోవడం మొదటిది. టైమర్ లోపల తిరుగుతూనే ఉంటుంది కానీ బయటికి తలుపు తెరవలేదు.

రెండోది కాస్త గడుసుది. రిజిస్టర్‌లోకి రాసేటప్పుడు పాత బిట్లను తుడవకుండా, వాటికే కొత్తవి కలిపే పద్ధతిలో రాస్తారు. మీ సెటప్ మొదలయ్యేలోపే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్ అనలాగ్‌రైట్ కోసం టైమర్ 1లో కొన్ని బిట్లు పెట్టి ఉంచుతుంది. డబ్ల్యూజీఎం10 ఒకటి, ప్రీస్కేలర్ 64 ఒకటి. మీ డబ్ల్యూజీఎం12 వాటితో కలిస్తే సీటీసీ కాస్తా ఎనిమిది బిట్ల ఫాస్ట్ పీడబ్ల్యూఎం మోడ్ అయిపోతుంది. ఆ మోడ్‌లో కామ్1ఏ0 ఒక్కటే ఉంటే పిన్ టైమర్ నుంచి తెగిపోతుందని డేటాషీట్ పట్టికలో ఉంది. కోడ్‌లో తప్పు లేదు, కంపైల్ అయింది, పిన్ మీద మాత్రం ఉలుకూ పలుకూ లేదు. కాబట్టి కలపకండి. రెండు రిజిస్టర్లలోనూ ముందు సున్నా రాసి, తర్వాత మీ బిట్లు రాయండి.

మూడోది లైబ్రరీల గొడవ. సర్వో లైబ్రరీ కూడా టైమర్ 1నే వాడుకుంటుంది. రోబో చెయ్యి తిప్పుతూ అదే బోర్డు మీద 1 మెగాహెర్ట్జ్ కావాలంటే టైమర్ 2కి వెళ్లండి. దాని పిన్ 11. అయితే టోన్ కూడా టైమర్ 2నే వాడుతుంది. ఎవరు ఏ టైమర్ మీద కూర్చున్నారో ఒక చీటీ రాసి పెట్టుకోవడం మంచిది.

నాలుగోది నాబ్ తిప్పి ఫ్రీక్వెన్సీ మార్చేవాళ్లకు ఎదురవుతుంది. సీటీసీ మోడ్‌లో ఓసీఆర్1ఏకు కొత్త అంకె రాస్తే అది ఆ క్షణంలోనే అమలవుతుంది. టైమర్ అప్పటికే 150 దాకా లెక్కపెట్టి ఉండగా మీరు 100 రాశారనుకోండి. 100ను అది దాటేసింది కదా! ఇక 65,535 దాకా వెళ్లి తిరిగి రావాలి. అందుకు 4.1 మిల్లీసెకన్లు పడుతుంది, అంతసేపూ పిన్ కదలదు. నాబ్ తిప్పినప్పుడల్లా వేవ్‌లో గండి పడుతోందంటే ఇదే. కొత్త అంకె రాశాక టీసీఎన్‌టీ1ను సున్నా చేయండి.

ఇంకో మాట. కొన్న బోర్డు ఊనో ఆర్4 అయితే ఈ రిజిస్టర్లేవీ అందులో ఉండవు. 2023లో వచ్చిన ఆ బోర్డులో రెనెసాస్ కంపెనీ 48 మెగాహెర్ట్జ్ చిప్ ఉంది. పేరు చూసి పాత కోడ్ వేస్తే కంపైలర్ ఎర్రటి అక్షరాలతో పేజీలు నింపుతుంది.

4. దొరకని అంకె కోసం తల బద్దలుకొట్టుకోవద్దు

ఒక విద్యార్థికి 3 మెగాహెర్ట్జ్ కావాలి. ఓసీఆర్1ఏలో 1 రాస్తే 4 వస్తుంది, 2 రాస్తే 2.67 వస్తుంది. ఒకటిన్నర రాయగలరా? రిజిస్టర్ ఒప్పుకోదు. ఊనోలో పైనుంచి కిందికి దొరికేవి ఇవే: 8, 4, 2.67, 2, 1.6, 1.33, 1.14, 1 మెగాహెర్ట్జ్. వాటి మధ్య ఉన్నదేదీ ఈ పద్ధతిలో రాదు. కింద కిలోహెర్ట్జ్‌లలో మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది తెలియదు. పైకి వెళ్లేకొద్దీ మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం పెరిగిపోతుంది.

16 మెగాహెర్ట్జే కావాలనేవాళ్లకు ఒక కిటికీ ఉంది. చిప్‌లోని సీకేఅవుట్ ఫ్యూజ్‌ను ప్రోగ్రామ్ చేస్తే సిస్టమ్ క్లాక్ 8వ పిన్ మీదికి వచ్చేస్తుంది. దీనికి ఐఎస్‌పీ ప్రోగ్రామర్ కావాలి. ఫ్యూజులు రాసేటప్పుడు ఒక బిట్ అటూ ఇటూ అయితే చిప్ మళ్లీ మాట వినకపోవచ్చు, కాబట్టి సబ్‌మిషన్ ముందురోజు రాత్రి మాత్రం ఈ ప్రయోగం వద్దు.

5. పెద్ద బోర్డుకు వెళ్తే పెద్ద చిక్కులు

ఈఎస్‌పీ32 తీసుకుంటే దాని ఎల్‌ఈడీసీ విభాగం 80 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో నడుస్తుంది. పేరులో ఎల్‌ఈడీ ఉంది కదా అని దాన్ని తక్కువ చేసి చూడకండి. 40 మెగాహెర్ట్జ్ దాకా ఇవ్వగలదు. చిక్కల్లా రిజల్యూషన్ దగ్గరే. నెట్‌లో దొరికే ఉదాహరణలన్నిట్లో ఎనిమిది బిట్లు అని ఉంటుంది, జనం దాన్ని అలాగే దించుతారు. ఎనిమిది బిట్లంటే ఒక్కో వేవ్‌కు 256 మెట్లు. 1 మెగాహెర్ట్జ్‌కు 256 మెగాహెర్ట్జ్ క్లాక్ కావాలి. ఉన్నది 80. అందుకే ఫంక్షన్ మొరాయిస్తుంది. ఆరు బిట్లు పెట్టండి, 64 మెట్లు, సరిపోతుంది. డ్యూటీ కూడా 128 అని పాత అలవాటున రాయకుండా 32 రాయండి. ఇంకోటి, ఆర్డుయినో కోర్ మూడో వెర్షన్ నుంచి పాత ఎల్‌ఈడీసీ సెటప్ ఫంక్షన్ పోయి ఎల్‌ఈడీసీ అటాచ్ వచ్చింది. పాత కోడ్ కంపైల్ కాకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

2021 జనవరిలో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో ఈ పనికి ఇంకా బాగుంటుంది. మామూలుగా 125 మెగాహెర్ట్జ్ మీద నడిచే దాని ఆర్‌పీ2040 చిప్‌లో పీఐఓ అనే చిన్న యంత్రాలు ఎనిమిదున్నాయి. వాటికి రాయాల్సింది రెండే ఇన్‌స్ట్రక్షన్లు: పిన్ హై, పిన్ లో. మొదటికి వెళ్లడానికి అదనపు క్లాక్ ఖర్చు కాదు. 62.5 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ బయటికొస్తుంది. 8051లో జంప్ కోసం రెండు సైకిళ్లు పోగొట్టుకున్న సంగతి గుర్తుంటే దీని విలువ తెలుస్తుంది.

ఇందులో భిన్నాలతో కూడా భాగించుకోవచ్చు కాబట్టి 3 మెగాహెర్ట్జ్ చిక్కు తీరినట్టే అనిపిస్తుంది. తీరలేదు. 125ను 3తో భాగిస్తే 41.67. అర, పావు క్లాకులు ఎక్కడా ఉండవు. అందుకని చిప్ కొన్ని వేవ్‌లను ఒక క్లాక్ పొట్టిగా, కొన్నిటిని ఒక క్లాక్ పొడుగ్గా ఇస్తుంది. సగటు సరిపోతుంది, ఒక్కో వేవ్ మాత్రం ఎనిమిది నానోసెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. మోటారుకు ఇది లెక్కలోకి రాదు, ఏడీసీకి క్లాక్‌గా ఇస్తే మాత్రం కొలతల్లో తేడా కనిపిస్తుంది. మార్గం ఏమిటంటే చిప్ క్లాక్‌నే 120 మెగాహెర్ట్జ్‌కు మార్చడం. మైక్రోపైథాన్‌లో ఒక్క లైను. 120ని 40తో భాగిస్తే సరిగ్గా 3.

నచ్చిన ఫ్రీక్వెన్సీ, అదీ పదుల మెగాహెర్ట్జ్‌లలో, అదురు లేకుండా కావాలంటే మైక్రోకంట్రోలర్‌ను వేధించడం మానేసి ఎస్‌ఐ5351 మాడ్యూల్ కొనుక్కోండి. ఐ2సీ రెండు వైర్లతో ఊనో దానికి అంకె చెబుతుంది, 8 కిలోహెర్ట్జ్ నుంచి 160 మెగాహెర్ట్జ్ దాకా మూడు అవుట్‌పుట్‌ల మీద అది వేవ్ ఇస్తుంది. హామ్ రేడియో వాళ్ల బల్లల మీద ఇది మామూలు వస్తువు. అప్పజెప్పడంలో ఇది ఇంకో మెట్టు.

6. చూసేదంతా నిజమనుకోకండి

8 మెగాహెర్ట్జ్ వచ్చిందో లేదో చూద్దామని కాలేజీలోని 20 మెగాహెర్ట్జ్ సీఆర్‌ఓకి పెడితే గుండ్రటి సైన్ వేవ్ కనిపిస్తుంది. కోడ్ తప్పా? కాదు. స్క్వేర్ వేవ్‌కు ఆ మూలలు ఇచ్చేది దాని బేసి హార్మోనిక్స్: మూడింతలు, అయిదింతలు, ఏడింతలు ఉన్న ఫ్రీక్వెన్సీలు. ఎనిమిదికి మూడోది 24. అది సీఆర్‌ఓ హద్దు దాటిపోయింది. చూడాలనుకున్న ఫ్రీక్వెన్సీకి కనీసం అయిదు రెట్ల బ్యాండ్‌విడ్త్ ఉన్న స్కోప్ వాడండి. ప్రోబ్ మీద చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని 10ఎక్స్ వైపు జరపండి. 1ఎక్స్‌లో చాలా ప్రోబ్‌లు ఆరు మెగాహెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తాయి. వేవ్ మూలల దగ్గర గంట కొట్టినట్టు అలలు వస్తుంటే చిప్‌ను తిట్టకండి, గ్రౌండ్ మొసలి క్లిప్పు వైరు పొడుగు తగ్గించండి.

చవకరకం 24 మెగాశాంపిళ్ల లాజిక్ ఎనలైజర్‌తో 8 మెగాహెర్ట్జ్ చూడాలనుకోవడం కూడా ఇలాంటిదే. ఒక్కో వేవ్‌కు మూడు చుక్కలు. హై ఎంతసేపు, లో ఎంతసేపు అన్నది అందులో ఎలా తేలుతుంది?

ఇంకో ఉచ్చు ఉంది, అది తెలివైనవాళ్లకే ఎక్కువ తగులుతుంది. స్కోప్ లేదు కాబట్టి టైమర్ 2తో వేవ్ తయారుచేసి, అదే బోర్డులో 5వ పిన్‌కు ఇచ్చి, టైమర్ 1తో లెక్కపెడతారు. సరిగ్గా పది లక్షలు! ఒక్క హెర్ట్జ్ తేడా లేదు. ఎలా ఉంటుంది? తయారుచేసిన క్లాక్, కొలిచిన క్లాక్ రెండూ ఒకటే. క్లాక్ పరుగు తప్పితే రెండూ కలిసే తప్పుతాయి. ఊనో ఆర్3లో ప్రధాన చిప్‌కు ఉన్నది క్వార్ట్జ్ క్రిస్టల్ కాదు, సిరామిక్ రెసొనేటర్. అందులో అర శాతం దాకా తేడా రావచ్చు. 1 మెగాహెర్ట్జ్‌లో అర శాతమంటే 5,000 హెర్ట్జ్. మామూలు క్రిస్టల్ అయితే 50 హెర్ట్జ్ లోపు. కాబట్టి కొలవడానికి ఇంకో బోర్డు తీసుకోండి, క్రిస్టల్ ఉన్నదైతే మేలు. ఊనోతో లెక్కపెట్టేటప్పుడు 6.4 మెగాహెర్ట్జ్ దాటిన వేవ్‌ను ఇవ్వకండి. బయటి క్లాక్‌కు డేటాషీట్ పెట్టిన హద్దు సిస్టమ్ క్లాక్‌లో రెండున్నరో వంతు.

7. పిన్ బలం ఎంతో చూసి బరువు పెట్టండి

1 మెగాహెర్ట్జ్ చక్కగా వచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మోస్‌ఫెట్ గేట్‌కు కలిపారు. మోస్‌ఫెట్ కాలిపోతోంది, లోడ్ మాత్రం కదలట్లేదు. ఎందుకు?

గేట్ అంటే ఒక కెపాసిటర్. ఈ మోస్‌ఫెట్ గేట్ నిండటానికి డేటాషీట్ ప్రకారం 63 నానోకూలంబుల దాకా చార్జి కావాలి. ఊనో పిన్ నుంచి నిశ్చింతగా తీసుకోగలిగేది 20 మిల్లీఆంపియర్లు. భాగించి చూడండి, 3.15 మైక్రోసెకన్లు. మీ వేవ్ మొత్తం నిడివే ఒక మైక్రోసెకను! గేట్ నిండకముందే ఖాళీ చేయమంటున్నారు. మోస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోక, పూర్తిగా మూసుకోక మధ్యలో వేలాడుతుంది, ఆ వేలాటంలోనే వేడెక్కుతుంది. పైగా అది పూర్తిగా తెరుచుకోవడానికి 10 వోల్టులు కావాలి, ఊనో ఇచ్చేది 5. మధ్యలో టీసీ4420 లాంటి గేట్ డ్రైవర్ పెట్టండి, అది క్షణంపాటు 6 ఆంపియర్ల దాకా తోయగలదు. అది పెట్టాక కూడా అడగండి: మెగాహెర్ట్జ్‌లో మోస్‌ఫెట్ తిప్పాల్సిన అవసరం నిజంగా ఉందా? చాలాసార్లు 50, 100 కిలోహెర్ట్జ్‌తో పని జరిగిపోతుంది.

లోడ్ చిన్నదే, ఇంకో ఐసీ ఇన్‌పుట్టే అయితే డ్రైవర్ అక్కర్లేదు. పిన్ పక్కనే 33 నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వరుసలో పెడితే మూలల దగ్గరి అలలు చాలావరకు అణుగుతాయి. బ్రెడ్‌బోర్డ్ మీద పొడుగు జంపర్లు వద్దు. వీలైతే చిన్న వైరుతో సోల్డర్ చేయండి.

8. వైరు కూడా ప్రసారం చేస్తుంది

ఇంట్లో పాత ఏఎం రేడియో ఉందా? మీడియం వేవ్‌లో 1000 దగ్గర పెట్టి, 1 మెగాహెర్ట్జ్ నడుస్తున్న బోర్డు పక్కకు తెండి. స్టేషన్ లేని చోట ఉండే బుస ఒక్కసారిగా అణిగితే ఆ వేవ్‌ను రేడియో పట్టుకుందన్నమాట. స్కోప్ లేనివాళ్లకు ఇదొక చవక పరీక్ష. వేవ్‌ను సెకనుకోసారి ఆపి మొదలుపెడితే బుస వచ్చి పోతూ ఉంటుంది, అప్పుడు అనుమానమే ఉండదు.

సరదాగా ఉన్నా దీంతో జాగ్రత్త. ఓసీఆర్1ఏలో 10 రాస్తే వచ్చేది 727 కిలోహెర్ట్జ్, హైదరాబాద్ ఆకాశవాణి 738కి పక్కనే. 1 మెగాహెర్ట్జ్ ఏడో హార్మోనిక్ 7 మెగాహెర్ట్జ్, హామ్‌ల 40 మీటర్ల బ్యాండ్ మొదలయ్యేది అక్కడే. 8 మెగాహెర్ట్జ్ పదమూడోది 104, ఎఫ్‌ఎం స్టేషన్ల మధ్యకు వస్తుంది. బల్ల మీద అరచేతంత వైరుతో ఇవేవీ గదిలో పెద్ద దూరం పోవు. 9వ పిన్‌కు పది మీటర్ల వైరు కట్టి డాబా మీదికి లాగితే మాత్రం అది లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్. మన దేశంలో వైర్‌లెస్ ప్రసారానికి అనుమతి తప్పనిసరి. ఆ దారిలో ఆసక్తి ఉన్నవాళ్లు అమెచ్యూర్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. అప్పుడు కూడా స్క్వేర్ వేవ్‌ను నేరుగా యాంటెన్నాకు ఇవ్వరు. మధ్యలో లో పాస్ ఫిల్టర్ పెట్టి, ఇంత కష్టపడి తెచ్చుకున్న ఆ మూలలన్నిటినీ నున్నగా చెక్కేసి, సైన్ వేవ్ చేసి పంపుతారు.